“గుండె కొట్టుకుంటోంది కదమ్మా?”: ఆ ఒక్క ప్రశ్న మార్చేసిన నా సీటీవీఎస్ ప్రిపరేషన్

ఫ్రెండ్స్, సూపర్ స్పెషాలిటీ సీట్ల కోసం రాసే నీట్ ఎస్ఎస్ పరీక్ష రెండోసారి రాసి, ఎంసీహెచ్ సీటీవీఎస్‌లో (గుండె, ఛాతీ, రక్తనాళాల సర్జరీ) చేరి ఎనిమిది నెలలైంది. ఎంఎస్ జనరల్ సర్జరీ పూర్తి చేసి, గుండె ఆపరేషన్ల వైపు రావాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్న జూనియర్లు కొందరు ఎలా చదివావక్కా అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. అన్ని సబ్జెక్టుల గురించీ చెప్పను. ట్రాన్స్‌ప్లాంట్ (అవయవ మార్పిడి) అనే ఒక్క చాప్టర్ నాకు చదవడం ఎలా నేర్పిందో చెబుతాను.

మొదటిసారి నేను చదివిన పద్ధతి చాలామందికి తెలిసిందే. క్వశ్చన్ బ్యాంకు రెండుసార్లు తిరగేశాను. తీసిన గుండె నాలుగు గంటలు, కాలేయం పన్నెండు గంటలు, కిడ్నీ ఇరవై నాలుగు గంటలు పాడవకుండా ఉంటాయని బట్టీ పట్టాను. ఒక గ్రాండ్ టెస్ట్‌లో, గుండె మార్పిడి జరిగిన పేషెంటుకు హార్ట్‌రేట్ 40కి పడిపోయింది, ఏం ఇస్తారు అని అడిగారు. ఆలోచించకుండా, గుండె వేగం పెంచడానికి మామూలుగా ఇచ్చే అట్రోపిన్ పెట్టాను. తప్పు. ఎందుకు తప్పో వివరణ చదివి, దాన్నీ బట్టీ పట్టి ముందుకెళ్లిపోయాను. ఆ ఏడాది ర్యాంకు రాలేదు.

తర్వాత ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో సీనియర్ రెసిడెంట్‌గా చేరాను. ఒక రాత్రి న్యూరో ఐసీయూలో ఇరవై రెండేళ్ల అబ్బాయి, బైక్ యాక్సిడెంట్. మొదటి పరీక్షలు అయ్యాయి, ఆరు గంటలు ఆగి రెండోసారి కూడా చేశారు. బ్రెయిన్ డెత్ నిర్ధారించారు. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ల నాన్న నన్ను చూసి లేచి నిలబడి అడిగాడు: “గుండె కొట్టుకుంటోంది కదమ్మా? ఒళ్లు వెచ్చగానే ఉంది. మరి పోయాడంటారేంటి?”

బ్రెయిన్ స్టెమ్ రిఫ్లెక్సులు, అప్నియా టెస్ట్ అంటూ ఏదో మొదలుపెట్టాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదని తెలుస్తోంది. అప్పుడు మా ఎనస్తీషియా సార్ వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని చెప్పారు: “చూడన్నా, ఊపిరి తీసుకోమని చెప్పేది మెదడు. నీ కొడుకు మెదడు ఆ మాట చెప్పడం పూర్తిగా ఆగిపోయింది. మిషన్ తీసి రెండుసార్లు చూశాం. ఒక్క ఊపిరి కూడా తీసుకోలేదు. గుండెకు మాత్రం మెదడు చెప్పక్కర్లేదు. దాని కరెంటు దానిలోనే ఉంటుంది. మిషన్ గాలి ఇస్తోంది కాబట్టి కొట్టుకుంటోంది. కొద్ది రోజుల్లో అదీ ఆగిపోతుంది.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి భార్య దగ్గరికి వెళ్లాడు. తెల్లవారాక ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ కోఆర్డినేటర్‌తో ఇద్దరూ మాట్లాడి, అవయవదానానికి సంతకం చేశారు.

ఆ మాట మనసులో నుంచి పోలేదు. దాని కరెంటు దానిలోనే ఉంటుంది. నేను తప్పు రాసిన ప్రశ్నకు జవాబు కూడా అదే. దాత శరీరం నుంచి గుండెను తీసేటప్పుడు, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం తెగిపోతుంది. అందుకే కొత్త మనిషిలో అది విశ్రాంతిలో కూడా 90 నుంచి 110 దాకా కొట్టుకుంటుంది. అట్రోపిన్ చేసేది ఆ వేగస్‌ను అడ్డుకోవడమే. ఆ నరమే లేనప్పుడు అట్రోపిన్ ఏం చేస్తుంది? నేరుగా గుండె మీదే పనిచేసే ఐసోప్రినలిన్ ఇవ్వాలి, లేదా పేసింగ్ (బయటి నుంచి కరెంటు ఇచ్చి కొట్టుకునేలా చేయడం) చేయాలి. నరాలు లేవు కాబట్టి రక్తనాళాలు మూసుకుపోతున్నా చాలామందికి ఛాతీ నొప్పి రాదు. అందుకే ఏ బాధా లేకపోయినా యాంజియోగ్రామ్ చేస్తుంటారు. నడక మొదలుపెట్టగానే రేటు పెరగదు, రక్తంలో అడ్రినలిన్ పెరిగేదాకా ఆగాలి. అందుకే ఈ పేషెంట్లను వ్యాయామానికి ముందు కాసేపు నిదానంగా నడవమంటారు. నాలుగు ప్రశ్నలుగా బట్టీ పట్టినదంతా ఒకే మాటలోంచి వచ్చింది.

ఆ రోజు నుంచి ట్రాన్స్‌ప్లాంట్‌కు ఒక కొత్త నోట్‌బుక్ పెట్టాను. హెడ్డింగులు లేవు. ఒక గుండె వెంట నడుస్తూ రాసుకున్నాను. దాత ఐసీయూలో ఉన్నప్పుడు బీపీ ముందు విపరీతంగా పెరిగి, తర్వాత ఎందుకు పడిపోతుంది? యూరిన్ లీటర్లకు లీటర్లు ఎందుకు పోతుంది, యూరిన్‌ను అదుపు చేసే వేసోప్రెసిన్ హార్మోన్ ఎందుకు ఇస్తారు? 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ సర్టిఫై చేసే నలుగురు డాక్టర్లలో ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ వాళ్లు ఎందుకు ఉండకూడదు? (అవయవం కోసం ఎదురుచూసేవాళ్లు మరణాన్ని నిర్ధారించకూడదు, అంతే. ఆ తండ్రి స్థానంలో కూర్చుని చదివితే ఇది ఎప్పటికీ మర్చిపోరు.) నాలుగు గంటల లెక్క దగ్గర 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రోలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మధ్యలో ఎక్కడా ఆపకుండా గుండెను తీసుకెళ్లిన సంగతి రాసుకున్నాను. గుండెను అందుకునే పేషెంటు ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఎక్కువుంటే ఎందుకు భయపడతారు? దాత గుండె కుడి జఠరికకు అంత ప్రెషర్ అలవాటు లేదు. మొదటి రాత్రే చేతులెత్తేస్తుంది. ఇంత అర్థమైతే ఎంత రెసిస్టెన్స్ దాటితే వద్దంటారో ఆ అంకె దానంతటదే గుర్తుంటుంది.

చదువు బోరు కొట్టినప్పుడు సర్జన్ల జీవితాలు చదివేదాన్ని. ఇది టైమ్ వేస్ట్ అన్నారు కొందరు. నాకైతే అదే ఊపిరి పోసింది. 1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలోనే మనిషి నుంచి మనిషికి మొదటి గుండె మార్పిడి చేశారు. ఆ పేషెంటు 18 రోజులు బతికి న్యుమోనియాతో పోయారు. మన దేశంలో 1968 ఫిబ్రవరిలోనే బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేన్ ప్రయత్నించారు. ఆ పేషెంటు కొన్ని గంటలే బతికారు. ఆ ఒక్క ఏడాదే ప్రపంచమంతా వందకు పైగా మార్పిడులు జరిగాయి. ఎక్కువమంది పేషెంట్లు దక్కకపోవడంతో దాదాపు అందరూ మానేశారు. స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే మానలేదు. 1950ల చివరి నుంచీ ల్యాబ్‌లో కుక్కల మీద పనిచేసిన మనిషి ఆయన. కుట్టడం ఎలాగో ఆయనకు ఎప్పుడో తెలుసు. తెలియాల్సింది ఆ తర్వాత శరీరం చేసేదేమిటో. మెడలోని సిర గుండా చిన్న పరికరం పంపి, గుండెలోంచి ముక్క తీసి రిజెక్షన్‌ను (శరీరం కొత్త గుండెను తిప్పికొట్టడాన్ని) ముందే పట్టుకునే బయాప్సీ 1970లలో ఆయన టీమ్‌లోనే వచ్చింది. 1980లో అక్కడ రిజెక్షన్‌ను అణిచే సైక్లోస్పోరిన్ మందు మొదలుపెట్టాక పేషెంట్లు ఏళ్ల తరబడి బతకడం మామూలైంది. జూనియర్ల చేత ఆపరేషన్ చేయిస్తూ, ఎదురుగా నిలబడి తను అసిస్ట్ చేసేవారట. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

మనకింకా దగ్గరి మనిషి పణంగిపల్లి వేణుగోపాల్ గారు. రాజమండ్రిలో పుట్టి, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివి, అక్కడే సర్జనై, అక్కడికే డైరెక్టర్ అయ్యారు. 1994 జులైలో చట్టం వచ్చింది. ఆగస్టు 3న ఆయన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. నెల కూడా తిరగలేదు. అంటే చట్టం రాకముందే టీమంతా సిద్ధమై కూర్చుందన్నమాట. ఆ పేషెంటు ఒక కార్మికుడు, ఆ గుండెతో దాదాపు 15 ఏళ్లు బతికారు. 18 రోజులకూ 15 ఏళ్లకూ మధ్య తేడా అంతా ఆపరేషన్ తర్వాత జరిగే పనిలోనే ఉంది. 2024లో వేణుగోపాల్ గారు పోయారని తెలిసిన రోజు నేను చదవలేకపోయాను.

ఇక పరీక్ష సంగతి. 150 ప్రశ్నలు, కరెక్ట్‌కు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి పోతుంది. ప్రశ్నలన్నీ జనరల్ సర్జరీవే కాబట్టి సీటీవీఎస్ కోసం వేరే పుస్తకాలు కొనకండి. డ్యూటీ రోజుల్లో నేను గంటకు మించి చదవలేదు. కానీ ఆ రోజు చూసిన పేషెంటుకు సంబంధించిన టాపిక్ ఒక్కటైనా పడుకునేలోపు తెరిచేదాన్ని. మిగతా రోజుల్లో పొద్దున నాలుగు గంటలు, రాత్రి రెండు. టెస్ట్‌లు వారానికి ఒకటే. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ జవాబును మా అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో రాసుకున్నాను. రాయలేకపోతే నాకు రానట్టే లెక్క. ఇదొక్కటి పాటించినా చాలు.

మన బ్రాంచిలో ఏటా సీట్లు మిగిలిపోతుంటాయని మీకు తెలుసు. తక్కువ ర్యాంకుకు వస్తుంది కదా అని మాత్రం తీసుకోకండి. చేరేముందు ఏదైనా ట్రాన్స్‌ప్లాంట్ ఓపీలో ఒక పూట కూర్చోండి. మా ఓపీలో సార్ ఎకో రిపోర్టు తర్వాత చూస్తారు. ముందు అడిగేది, “మాత్రలు ఏ టైముకు వేసుకుంటున్నావు? ఇంట్లో ఎవరికైనా జ్వరముందా?” అని. రిజెక్షన్ రాకుండా వాడే టాక్రోలిమస్ రక్తంలో ఎంతుందో చూడాలంటే, పొద్దున డోసు వేసుకోకముందు రక్తం తీయాలి. ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చే పేషెంటు ఆ మాత్ర ఇంట్లోనే వేసుకుని వస్తే ఆ రిపోర్టుకు అర్థమే లేదు. అందుకే బస్సు టైము కూడా కేస్ షీట్‌లో రాయిస్తారు.

ఇప్పుడు ఎస్ఆర్ (సీనియర్ రెసిడెంట్) చేస్తున్నవాళ్లకు ఒక మాట. మీ ఆసుపత్రిలో బ్రెయిన్ డెత్ డిక్లరేషన్ ఉంటే, పర్మిషన్ అడిగి అప్నియా టెస్ట్ (మిషన్ తీసి, సొంతంగా ఊపిరి తీసుకుంటారేమో చూసే పరీక్ష) దగ్గర నిలబడండి. పీసీఓటూ (రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ప్రెషర్) 60 దాటేదాకా ఆ ఛాతీ వైపే చూస్తూ ఉండండి. తర్వాత బయటికొచ్చి, ఇంటివాళ్లు ఏం అడిగినా తెలుగులో చెప్పడానికి ప్రయత్నించండి.