వెలుతురు తగ్గగానే ఫోకస్ ఎందుకు తడబడుతుంది

కొత్త వీడియో కెమెరా కొనేవాళ్ళు ఆటోఫోకస్ ఎలా ఉంది, తక్కువ వెలుతురులో ఎలా తీస్తుంది అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంటారు. నా దృష్టిలో అవి రెండూ ఒకటే, ఎందుకంటే ఫోకస్ చేసేది కూడా లెన్స్‌లోంచి వచ్చే ఆ కాస్త వెలుతురుతోనే.

పాత పద్ధతి కాంట్రాస్ట్ డిటెక్షన్. లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ అంచులు ఎక్కడ పదునుగా కనిపిస్తాయో వెతుకుతుంది, సరైన చోటు దాటిపోయాక గానీ దాటిపోయానని దానికి తెలియదు. ఫొటోలో ఈ వెతుకులాట ఎవరికీ కనిపించదు, వీడియోలో మొత్తం రికార్డ్ అయిపోతుంది! చీకట్లోనైతే నాయిస్ (బొమ్మలో కనిపించే గింజల్లాంటి చుక్కలు) అంచుల్ని మింగేస్తుంది కాబట్టి ఆ ఊగిసలాట ఆగనే ఆగదు.

2013లో కానన్ 70డి కెమెరాతో వచ్చిన డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఇక్కడే పెద్ద మార్పు తెచ్చింది. ఒక్కో పిక్సెల్‌ని రెండు సగాలు చేసి, ఆ రెండూ చూసే బొమ్మల మధ్య తేడాని బట్టి లెన్స్ ఎటు, ఎంత జరగాలో ముందే లెక్కగడుతుంది, ఇది ఫేజ్ డిటెక్షన్ పద్ధతి. పానసోనిక్ అయితే 2023లో ఎస్5 మార్క్ 2 కెమెరా వచ్చేదాకా కాంట్రాస్ట్ పద్ధతినే పట్టుకుని ఉంది.

అలాగని ఫేజ్ డిటెక్షన్ ఉంటే చాలనుకోకండి. 2018లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్ మైనస్ 6 ఈవీ (ఈవీ అంటే వెలుతురు కొలత, ఇది దాదాపు చీకటే) దాకా ఫోకస్ చేస్తుందని ప్రకటించారు, కానీ ఆ అంకె ఎఫ్/1.2 లెన్స్‌తో, ఫొటో తీసేటప్పటిది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది). అదే కెమెరాకి ఎఫ్/5.6 జూమ్ తగిలిస్తే లోపలికి వచ్చే వెలుతురు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. పైగా వీడియోలో షటర్ వేగాన్ని ఇష్టం వచ్చినట్టు తగ్గించలేం, సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది మహా అయితే 1/25 సెకను. అందుకే కెమెరా బాడీ మీద పెట్టే డబ్బులో కొంత, వెలుతురు ఎక్కువ పంపే మంచి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్) మీద పెట్టమంటాను. వెలుతురుని పట్టే సెన్సార్ సైజు కూడా చూడండి, చిన్న కెమెరాల్లో ఉండే 1 అంగుళం సెన్సార్ కన్నా పెద్దదైన ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ విస్తీర్ణం 7 రెట్లు పైనే.

ఉన్న కెమెరాతోనే తీయాలంటే మాత్రం మసక గదిలో ఆటోఫోకస్‌ని నమ్ముకోకుండా, మనిషి ముఖం మీద ఒకసారి ఫోకస్ కుదరగానే మాన్యువల్‌లోకి మార్చి లాక్ చేసేయండి. కాస్త నాయిస్ ఉన్నా చూసేవాళ్ళు సర్దుకుంటారు, ముఖం మాటిమాటికీ మసకబారితే మాత్రం చూడలేరు.