పదిహేడేళ్ళ తర్వాత ఎం.ఏ. హిస్టరీలో చేరాను

2005లో నా బి.ఏ. అయిపోయింది, హెచ్.ఇ.పి. (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్), తెలుగు మీడియం. ఆ ఏడాదే పెళ్ళి. ఎం.ఏ. చేస్తానని పెళ్ళిచూపుల్లోనే చెప్పాను, అందరూ సరేనన్నారు, తర్వాత కూడా ఎవరూ అడ్డు చెప్పలేదు. కానీ పాప పుట్టడం, మావయ్యగారి జబ్బు, అరటి తోట, ఒకదాని వెనక ఒకటి వచ్చి పదిహేడేళ్ళు గడిచిపోయాయి. 2022 వేసవి దాటాక ఒకరోజు మా ఆయన పేపర్లో వచ్చిన పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) ప్రకటన కత్తిరించి గ్యాస్ పొయ్యి పక్కన పెట్టి తోటకెళ్ళిపోయారు. ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఆయన వచ్చేసరికి నేను ట్రంకు పెట్టె దించి సర్టిఫికెట్లు వెతుకుతున్నాను.

నాలాగా మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట, పుస్తకాల కన్నా ముందు ఆ పెట్టె తెరవండి. నాకు పరీక్ష కన్నా కాగితాల దగ్గరే ఎక్కువ టెన్షన్ అయింది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒకే మనిషి అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోవాల్సి వచ్చింది. టీసీ అసలు తీసుకోనేలేదని అప్పుడు గుర్తొచ్చింది, డిగ్రీ రిజల్ట్స్ వచ్చేనాటికి పెళ్ళి పనుల్లో ఉన్నాం. చదివిన కాలేజీకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి పాత రిజిస్టర్లు వేరే గదిలో ఉన్నాయన్నారు, రెండోసారి ఆ గది తాళం ఉన్నాయన సెలవన్నారు. మూడోసారి మాత్రం అక్కడి అటెండరు తనే నిచ్చెన వేసుకుని పైనుంచి రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, నా పేరు దొరికేదాకా పేజీలు తిప్పాడు. ఆ పేజీలో నా పాత సంతకం, గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా ఉంది. ఇప్పుడు నేను అలా పెట్టను. కాసేపు దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

ఇంకొకటి మైగ్రేషన్ సర్టిఫికెట్. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకుముందు మా గోదావరి జిల్లాల కాలేజీలన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి, కాబట్టి నాది విశాఖ డిగ్రీ. ఇక్కడ చేరాలంటే అక్కడినుంచి మైగ్రేషన్ తెచ్చుకోవాలి. ఈ సంగతి ముందే తెలిస్తే సీటు వచ్చాక పరుగులు పెట్టక్కర్లేదు. ఆదాయ ధ్రువీకరణ మా గ్రామ సచివాలయంలో ఇచ్చారు, దానికి పెద్దగా తిరగలేదు.

మాది ఆత్రేయపురం మండలం, లొల్ల లాకులకు దగ్గర. ఆ జూలైలో గోదావరి ఉగ్రంగా వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు, ఆ ఏడాది మూడోది కూడా దాటేసింది. లంకలోని మా ఆడపడుచు వాళ్ళు నలుగురూ, రెండు గేదెలూ మా ఇంటికి వచ్చేశారు. పగలు పదిమందికి వంట. రాత్రి అందరూ పడుకున్నాక వసారాలో తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు పెట్టుకుని కూర్చునేదాన్ని. శాతవాహనులు, విజయనగరం, జాతీయోద్యమం, మర్చిపోయాననుకున్నవి చాలావరకు ఎక్కడికీ పోలేదు, కాస్త కదిపితే పైకొచ్చాయి.

మా రోజుల్లో పీజీకి యూనివర్సిటీ పెట్టే సెట్ రాసేవాళ్ళం. 2021 నుంచి రాష్ట్రం మొత్తానికి ఒకటే పీజీసెట్, అదీ కంప్యూటర్ మీద. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, తప్పు రాస్తే మార్కులు పోవు. నాకు మౌసు పట్టుకోవడమే అలవాటు లేదు. మా అమ్మాయి నెట్ సెంటర్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మాక్ టెస్టులు రాయించింది. సెప్టెంబరులో పరీక్ష రాశాను, ర్యాంకు ఫరవాలేదు. ఆ తర్వాత కౌన్సెలింగ్, సర్టిఫికెట్ల అప్‌లోడ్, వెబ్ ఆప్షన్లు. రోజూ వచ్చి వెళ్ళగలిగే చోటు ఒక్కటే కాబట్టి మొదటి ఆప్షన్ నన్నయ క్యాంపస్, హిస్టరీ. సీటొచ్చింది.

రోజూ ప్రయాణం ఇలా. పొద్దున ఆరున్నరకి బస్సు, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ధవళేశ్వరం, అక్కడినుంచి రాజమండ్రి కోటిపల్లి బస్టాండు, మళ్ళీ ఇంకో బస్సెక్కి హైవే మీద రాజానగరం వైపు. తిరిగొచ్చేసరికి చీకటి పడేది. మొదటి నెలలో రెండుసార్లు మానేద్దామనుకున్నాను. అలసట ఒక కారణం, క్లాసులో ఒంటరితనం ఇంకో కారణం. పిల్లలందరికీ ఇరవై, ఇరవై ఒకటి. మొదటిరోజు నన్ను చూసి లేచి నిలబడ్డారు, మేడమ్ అనుకుని. తర్వాత వారానికి ‘అక్కా’ అన్నారు, క్యాంటీన్‌లో కూర్చోబెట్టుకున్నారు, నేను పూతరేకులు పట్టుకెళ్ళేదాన్ని, వాళ్ళు నాకు పీడీఎఫ్‌లు పంపేవాళ్ళు. అక్కడితో ఆ బెంగ తీరింది.

తీరనిది చదువు సంగతే. డిగ్రీలో మాకు తెలిసిందల్లా గైడు, అందులోని పాయింట్లు, పరీక్షలో అవే దించడం. ఇక్కడ మా మాస్టారు రెండో వారంలోనే 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలతో సర్కారు వేసిన పుస్తకం) నుంచి నీటిపారుదల మీద ఒక్క పేజీ జిరాక్స్ ఇచ్చి, వచ్చే సోమవారానికి దీనిమీద మూడు ప్రశ్నలు రాసుకు రండి, జవాబులు వద్దు అన్నారు. ఇంగ్లీషు పేజీ. నేను డిక్షనరీ పెట్టుకుని పెన్సిల్‌తో ప్రతి వాక్యం కింద తెలుగు రాసుకున్నాను, మూడు రాత్రులు పట్టింది. అర్థం అయింది. ప్రశ్న మాత్రం రాలేదు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలు, నందన నామ సంవత్సరపు కరువులో చచ్చిన నేల పచ్చబడింది, ఇవి చిన్నప్పటినుంచీ విన్నవే. గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పంతుళ్ళు మా వైపు ఉన్నారు. అందులో అడగడానికి ఏముంటుంది?

సోమవారం నేను రాసుకెళ్ళిన మూడు ప్రశ్నలూ చదివి మాస్టారు అన్నారు, "అమ్మా, ఇవి పరీక్ష పేపర్లో వచ్చే ప్రశ్నలు. మీరు కాలవ పక్కనే ఉంటారు కదా, మీకు నిజంగా తెలియనిది ఒకటి అడగండి."

ఆ మాట పట్టుకుని చాలా రోజులు తిరిగాను. లాకుల మీదుగా నడిచేటప్పుడు, తూము దగ్గర ఆగినప్పుడు. ఆదివారాలు కొన్ని గౌతమీ గ్రంథాలయంలో కూర్చున్నాను. చివరికి ప్రశ్న దొరికింది మాత్రం వంటింట్లో. ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు, పూడిక తీయడానికి, లాకులు బాగుచేయడానికి. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులన్నీ నింపుకోవాలి, లేకపోతే మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఊరికి నీళ్ళుండవు. రక్షిత నీటి ట్యాంకులు రాకముందు ఏ చెరువు ముందు నింపేవాళ్ళు, ఏది చివర? ఎవరు చెప్పేవాళ్ళు?

అత్తయ్యగారిని అడిగాను. ఆవిడకి డెబ్భై నాలుగు. కంద తరుగుతూ అన్నీ చెప్పారు, రామాలయం చెరువు ముందు, తర్వాత కరణంగారి వీధి చెరువు, ఆ తర్వాత మిగతావి, "ఎవరికీ లోటు రానిచ్చేవాళ్ళు కాదే, పేట చెరువుతో సహా నింపేవాళ్ళు." పేట అంటే మా ఊరి దళితవాడ. నేను అలాగే రాసుకున్నాను. మాస్టారికి చూపిస్తే బావుందన్నారు, పేటలో ఎవరినైనా అడిగారా అన్నారు. అడగలేదు. పదిహేడేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ, పేటకి ఓట్ల పనికి, సంఘం మీటింగులకి తప్ప వెళ్ళలేదు. అది నాకు బాగా గుచ్చుకుంది.

వెళ్ళాను. మా తోటలో గెలలు కోసే అబ్బాయి వాళ్ళ నాయనమ్మ, ఆవిడా డెబ్భై దాటిన మనిషే. మంచం వాల్చి కూర్చోమంది. చెరువు మాటెత్తగానే నవ్వింది. "మా చెరువా? మా చెరువుకి తూమే లేదమ్మా. కాలవ కట్టేశాక కాలవలోకే దిగి చెలమ తీసుకునేవాళ్ళం. రాత్రి తీస్తే తెల్లారేసరికి కడివెడు ఊరేది." చెలమ ఎంత లోతు తీసేవాళ్ళో చెయ్యి మోచేతిదాకా చూపించింది. పక్కలు కూలిపోకుండా తాటాకు బుట్ట అడుగు కోసి దింపేవాళ్ళట, మొదట వచ్చిన బురద నీళ్ళు పారబోసి రెండో ఊట ముంచుకునేవాళ్ళట, మనిషికి ఒక వంతు. ఎవరి చెలమ ఎక్కడో అందరికీ తెలుసట.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను చూళ్ళేదే. నింపారని మీ మావయ్య చెప్పేవారు" అన్నారు.

రెండిట్లో ఏది రాయాలని మాస్టారిని అడిగాను. రెండూ రాయండి, ఎవరు ఎక్కడ నిలబడి చెప్పారో అది కూడా రాయండి అన్నారు. నాకు ఎం.ఏ.లో చేరినట్టు అనిపించింది ఆ రోజే, సీటొచ్చిన రోజు కాదు. ఇంగ్లీషు పుస్తకాలు ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను, పరీక్షలు తెలుగులోనే రాస్తున్నాను, మార్కులు ఫస్ట్ క్లాసులో ఉన్నాయి. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నాను, ఒక ఊరి చెరువులు, వేసవి నీళ్ళు. ఇప్పటికి పదకొండు మందితో మాట్లాడాను, ఆరుగురు పేటవాళ్ళు.

ఈసారి కాలవ కట్టేశాక చెలమ తీసిన చోటు చూపిస్తానంది ఆ నాయనమ్మ. మోకాళ్ళ నొప్పులు, గట్టు దిగలేదు, పైనుంచే వేలు పెట్టి చూపిస్తుందట. అత్తయ్యగారు తనూ వస్తానన్నారు.