కుడివైపు సీటులోని మనిషి

విమానం నడపడం నేర్చుకోవడానికి చేరినప్పుడు నా భయమంతా యంత్రం గురించే. పక్కన కూర్చునే మనిషి గురించి నేను ఆలోచించనే లేదు. శిక్షణ విమానంలో విద్యార్థి ఎడమవైపు, శిక్షకుడు కుడివైపు కూర్చుంటారు. భుజాలు ఒరుసుకునేంత ఇరుకు చోటు కావడంతో, ఆయన విసుగుతో విడిచే నిట్టూర్పు కూడా హెడ్‌సెట్‌లోంచి నేరుగా చెవిలో పడుతుంది.

నా మొదటి శిక్షకుడు విమానం నడపడంలో దిట్ట, అది ఒప్పుకోకపోతే అన్యాయం. అయితే నేను పొరపాటు చేస్తున్నానని తోచగానే, ఒక్క మాటైనా చెప్పకుండా కంట్రోల్ లాగేసుకునేవారు. కంట్రోల్ తీసుకునే మనిషి "ఐ హ్యావ్ కంట్రోల్" అనాలి, వదిలే మనిషి "యూ హ్యావ్ కంట్రోల్" అనాలి. మొదటి రోజుల్లోనే నేర్పే ఈ నియమాన్ని నాకు నేర్పింది కూడా ఆయనే. ఒకసారి ల్యాండింగ్‌కు వస్తుండగా నేను యోక్‌ను, అంటే విమానం ముక్కును ఎత్తి దించే చేతి చక్రాన్ని, వెనక్కి లాగుతున్నాను, ఆయన ముందుకు నెడుతున్నారు, విమానం ఎవరి చేతిలో ఉందో కొన్ని క్షణాలు నాకు తెలియలేదు. దిగాక, "ఇన్నాళ్లకు నీకు వచ్చింది ఇదేనా?" అన్నారు. ఆ రోజు నుంచి అర్థం కాకపోయినా "అర్థమైంది సర్" అనడం నాకు అలవాటైపోయింది.

ఆ రోజుల్లోనే స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో 1977 మార్చి 27న జరిగిన ప్రమాదం గురించి చదివాను. రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టిన కెప్టెన్ తన సంస్థలో తోటి పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చినా, తప్పుకుందని గట్టిగా చెప్పి ముందుకే సాగారు. ఆ జవాబు విన్నాక ఇంజనీర్ ఇంకా ఎందుకు పట్టుబట్టలేదని చాలామంది ఆశ్చర్యపోతారు. "అర్థమైంది సర్" అంటూ నెట్టుకొస్తున్న నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు.

శిక్షకుణ్ణి మార్చమని అడగడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి మూడు వారాలు పట్టింది. అడిగాక పది నిమిషాల్లో పని అయిపోయింది.

కొత్త శిక్షకురాలు మూడో రోజున ల్యాండింగ్ తానే చేసి చూపించబోయారు. చక్రాలు నేలను తాకి విమానం మళ్లీ గాలిలోకి ఎగిరింది. ఆమె పవర్ పెంచి, ఇంకో చుట్టు కోసం పైకి తీసుకెళ్తూ, "ఇది నా తప్పు, వేగం తగ్గకముందే ముక్కు ఎత్తాను. మీకు ఏం కనిపించింది?" అని అడిగారు. నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదటిసారి. ఆ ప్రశ్న వెనకే ఇంకోటి వచ్చింది: "రన్‌వే దగ్గరికి వచ్చాక మీ చూపు ఎక్కడ ఉంటోంది?" ముక్కుకు కాస్త ముందున్న నేల మీద అని చెప్పాను. నా ల్యాండింగ్‌లన్నీ ఎందుకు చెడుతున్నాయో ఆ ఒక్క జవాబుతో తేలిపోయింది. అంత దగ్గరగా చూస్తే నేల వేగంగా మీదికి వస్తున్నట్టు అనిపించి, చెయ్యి తొందరపడి ముందే లాగేస్తుంది. మరుసటి రోజు, దిగకుండా రన్‌వే మీదుగా కొద్ది అడుగుల ఎత్తులో చివరిదాకా వెళ్లే పని పెట్టారు. చూపు అవతలి అంచున నిలిపితే, రన్‌వే రెండు పక్కలా విచ్చుకుంటూ రావడాన్ని బట్టి ఎత్తు దానంతటదే తెలిసిపోయింది. ఈ మాట మొదటి శిక్షకుడూ చెప్పే ఉంటారు, కానీ కేకల మధ్య నాకు వినపడి ఉండదు.

సోలో రోజున, అంటే నేను మొదటిసారి ఒంటరిగా నడపాల్సిన రోజున, ఆమె దిగి తలుపు వేస్తూ, "నా బరువు తగ్గింది కదా, మీరు అనుకున్నదానికన్నా తొందరగా పైకి లేస్తుంది" అని హెచ్చరించారు. అలాగే లేచింది. ఒక చుట్టు తిరిగి సాఫీగానే దిగి, ఇంజన్ ఆపాను. ఆమె అభినందిస్తుంటే, అడగకుండానే చెప్పాను: "డౌన్‌విండ్‌లో, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వెళ్లేటప్పుడు, ఉండాల్సిన ఎత్తు కన్నా వంద అడుగులు ఎక్కువ ఎక్కేశాను మేడమ్."

"కింద నుంచి నేను గమనించలేదు" అని ఆమె లాగ్‌బుక్ తీసుకుని, "ఎప్పుడు తెలిసింది, ఏం చేశారు, చెప్పండి" అంటూ రెక్క నీడలో నిలబడ్డారు.