గుర్తు 24, లాగింది 22

గట్టింగ్ మిషను, అంటే బ్యాటుకు గట్ (తీగ) లాగి బిగించే మిషను, కొన్న తర్వాత ఆరు షటిల్ బ్యాట్లకు 24 పౌండ్ల బిగువుతో గట్టింగ్ వేశాను. ఆరుసార్లూ మా అబ్బాయిది ఒకటే మాట: "నాన్నా, ఇది 24 కాదు."

నేను ఒప్పుకోలేదు. మాది గుండు వేలాడే రకం మిషను, చేతులు మారి వచ్చింది. ఒక ఇనుప కడ్డీ, దానిమీద అటూ ఇటూ జరిగే గుండు. గట్ కొసను పట్టులో బిగించి కడ్డీని వదిలితే గుండు బరువుకు గట్ సాగుతుంది. కడ్డీ నేలకు సమాంతరంగా నిలిచిందంటే, గుండు ఏ గుర్తు దగ్గర ఉందో అన్ని పౌండ్ల బిగువు పడినట్టు. కరెంటు లేదు, స్ప్రింగు లేదు, అంతా తక్కెడ న్యాయం. ఇందులో తప్పు ఎలా దూరుతుంది?

కడ్డీ సరిగ్గా సమంగా నిలవడం లేదేమోనని మొదటి అనుమానం. టైల్స్ వేసే మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి ఒక సాయంత్రమంతా బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెడుతూ కూర్చున్నాను. వృథా శ్రమ. బల్ల వాలుగా ఉన్నా ఫరవాలేదు, కడ్డీ సమంగా ఉంటే చాలు. ఆ కడ్డీ పది డిగ్రీలు వాలినా తగ్గేది ఒకటిన్నర శాతమే, అంటే 24 పౌండ్లలో మూడో వంతు పౌండు. అంత చిన్న తేడా పదమూడేళ్ల పిల్లవాడి చేతికి తెలియదు.

ఇక కొలవక తప్పలేదు. ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఇంట్లో ఉంది. దాన్ని మాత్రం ఎలా నమ్మడం? కిరాణా కొట్టు నుంచి ప్రభుత్వ ముద్ర ఉన్న అయిదు కిలోల రాళ్లు రెండు అడిగి తెచ్చి వేలాడదీశాను. 10.0 చూపింది. కాటా నిజాయితీ తేలింది.

మిషను మీద బ్యాటును పట్టి ఉంచే స్తంభానికి గట్ ముక్క ఒకటి కట్టి, మధ్యలో కాటా తగిలించి, రెండో వైపు గట్‌ను పట్టులో బిగించాను. గుండు 24 దగ్గర పెట్టి కడ్డీని మెల్లగా దించాను. విసురుగా వదిలితే ఒక్క క్షణం బిగువు ఎక్కువ పడుతుంది. 24 పౌండ్లంటే దాదాపు 10.9 కిలోలు. కాటా చూపింది 10.1. అంటే 22 పౌండ్లు దాటి కాస్త. అబ్బాయి గెలిచాడు.

20 దగ్గర 8.3, 28 దగ్గర 11.9 వచ్చాయి. ఈ అంకెలే నాకు దారి చూపించాయి. గుండే తేలికైతే గుర్తు పెరిగేకొద్దీ లోటు కూడా పెరగాలి. ఇక్కడ మూడు చోట్లా సుమారు 800 గ్రాములే తక్కువ. అంటే గుండులో దోషం లేదు, గుర్తులే మొత్తంగా కడ్డీ తిరిగే ఇరుసు వైపు జరిగాయి. కడ్డీని పట్టి ఉంచే మరను ఆలెన్ కీతో వదులు చేసి బయటికి లాగి చూస్తే, ఇనుము మీద మర కొరికిన గాట్లు రెండున్నాయి. ఒకటి కొత్తగా మెరుస్తోంది, రెండోది తుప్పు పట్టింది. మధ్య దూరం ఆరు మిల్లీమీటర్లు. ఎవరో ఎప్పుడో విప్పి, కడ్డీని లోపలికంటా తోసి బిగించేశారు. పాత గాటు మీద మర బిగించాను. 24 దగ్గర 10.9.

ఏడో బ్యాటు అందుకుని వాడు గట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, ఏమీ అనకుండా ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

లాగిన తీగ వెనక్కి పోకుండా పట్టి ఉంచే క్లాంపుల బెడద మాత్రం ఇంకా ఉంది. పడుగు, పేక లాగా నిలువు తీగల్లోంచి అడ్డ తీగ దూర్చి బిగువు లాగాక, కడ్డీని ఎత్తగానే క్లాంపు కొద్దిగా వెనక్కి ఒరుగుతుంది. ఆ మేరకు బిగువు పోతుంది. పళ్లలో పేరుకున్న జిడ్డును స్పిరిట్‌తో తుడిస్తే జారడం తగ్గింది గానీ ఒరగడం ఆగలేదు. ముడి వేసేటప్పుడు కూడా కొంత వదులవుతుంది కాబట్టి, ముడికి ముందున్న ఆఖరి తీగకు గుండును రెండు పౌండ్లు ముందుకు జరిపి లాగుతున్నాను.