పొడి పని చేసిందా, తొట్టి పని చేసిందా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. దుగ్గిరాల దగ్గర మా పాకలో రోలు లేదు, జెర్సీ ఆవు ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతోంది. గడియారం పట్టుకుని డొక్కల కదలిక లెక్కపెట్టాను: నిమిషానికి 84 సార్లు. నీడపట్టున చల్లగా ఉన్నప్పుడు 40 దాటదు. నెమరు తగ్గింది, పూటకు 6 లీటర్ల పాలు 4కు దిగాయి.

ఎండ వేడి తట్టుకుంటుందని గుంటూరు వెళ్లి శతావరి, అశ్వగంధ, ఉసిరి కలిపిన పొడి తెచ్చాను. డబ్బా మీద ఆవు నవ్వుతోంది. ధరలో సగం ఆ నవ్వుకే అయి ఉంటుంది. తవుడులో కలిపి పెడితే మా ఆవు ఒకసారి వాసన చూసి, తొట్టిలోకి గట్టిగా తుమ్మింది. పొడంతా నా ముఖం మీదే! మర్నాడు కాస్త బెల్లం కలిపితే నాకేసింది.

పశువైద్యుడు మాత్రం, “పొడి వేయండమ్మా, తప్పులేదు. ముందు మేపే వేళ మార్చండి” అన్నారు. గడ్డి పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండుగడ్డి వేయడమంటే ఎండకు తోడు లోపల పొయ్యి రాజేయడమే. ఇప్పుడు తెల్లవారుజామున, రాత్రి తొమ్మిదికి మేపుతున్నాం. నీళ్ల తొట్టి నీడలోకి జరిపాం. తడి గోనెపట్టాలు కట్టాం కానీ, మన కోస్తా ఉక్కకు గాలి ఆడక పాక ఆవిరికుడుము పాత్రలా తయారైంది. ఫ్యాను పెట్టాకే ఆవు తెరిపిన పడింది.

పది రోజులకు పాలు ఐదున్నర లీటర్లకు వచ్చాయి. ఘనత పొడిదేనని అత్తయ్య, నీళ్ల తొట్టిదని నేను. డబ్బా ఇంకా సగం ఉంది.