పొట్టేళ్లను కట్టేసిన ఏడాది

మా మందలో పన్నెండు నెలలూ పిల్లలు పుట్టేవి. కోడలిగా వచ్చిన కొత్తలో అది మంచిదే అనుకున్నాను. చేతిలో డబ్బు లేనప్పుడు అమ్ముకోవడానికి ఒకటో రెండో ఉంటాయి కదా. మాది మక్తల్ దగ్గర ఊరు. అరవై దాకా గొర్లున్నాయి. సగం మామ ఎప్పటి నుంచో పెంచుతున్న నల్ల గొర్లు. మిగతావి 2017లో సర్కారు పథకం కింద వచ్చిన ఇరవై గొర్లు, ఒక పొట్టేలు, వాటి సంతానం.

ఒక శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. దొడ్డి నిండా బురద. ఆ మూడు రాత్రుల్లో ఏడు గొర్లు ఈనితే నాలుగు పిల్లలు దక్కలేదు. ఒకదాన్ని కొంగుతో తుడుచుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను. తెల్లారేసరికి నా ఒళ్లోనే చల్లబడింది. మా పిల్లాడి పాత నోట్‌బుక్కులో రాయడం అప్పుడే మొదలుపెట్టాను. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, పిల్ల బతికిందా లేదా, అంతే. ఏడాది తిరిగాక చూస్తే వానల్లో పుట్టినవీ, ఎండల్లో తల్లికి పాలు లేనప్పుడు పుట్టినవీ ఎక్కువగా పోయాయి. కార్తీకం, మార్గశిరంలో పుట్టినవి నిలబడ్డాయి.

గొర్రె చూలు ఐదు నెలలు. కార్తీకంలో ఈనాలంటే మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పొట్టేలు దాటాలి, అంటే గొర్రెతో జతకట్టాలి. లెక్క ఇంతే. మిగతా రోజులన్నీ పొట్టేళ్లను మందకు దూరంగా ఉంచడమే కష్టం. "పొట్టేలు లేని మంద ఏం మందనమ్మా" అన్నాడు మామ. అయినా రెండింటినీ ఇంటి ముందు వేపచెట్టుకు కట్టేశాం. వారం రోజులు వాటి అరుపులకు వాడకట్టు అంతా నన్నే తిట్టుకుంది. ఇంత చేసినా ఆగస్టులో ఐదు పిల్లలు పుట్టాయి. చెరువు దగ్గర నీళ్లకు ఆగినప్పుడు పక్క మంద పొట్టేలు తన పని తాను చేసుకుపోయిందన్నమాట. మామ నా ముందు నవ్వలేదు కానీ, ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

ఏ గొర్రె చూలు కట్టిందో తెలియడానికి పశువుల డాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. జాజును, అంటే ఎర్రమట్టిని, నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూయాలి. అది దాటిన గొర్రె నడుము మీద ఎర్ర మరక పడుతుంది. చూలు కట్టని గొర్రె పదిహేడు రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది కాబట్టి అప్పటికి రంగు మార్చి నీలం పూస్తాం. ఎరుపు మీద నీలం పడిందంటే మొదటిసారి నిలవలేదని. మూడో రంగు కూడా పడిన గొర్రె పేరు నోట్‌బుక్కులో కింద గీత గీసి పెడతాను, అది సంతకే. యాభై రోజులయ్యాక పొట్టేళ్లు మళ్లీ వేపచెట్టు కిందికి.

2023లో వాన ఆలస్యమైంది. మృగశిర వచ్చింది, నేను జాజు కలిపాను. మామ పొట్టేలు తాడు విప్పనివ్వలేదు. గొర్రె వెన్ను మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఎముకలు తగిలాయి. "కడుపుకే లేదు, ఇంక చూలేం నిలుస్తది?" అన్నాడు. జూన్ నెలాఖరుకు గానీ పచ్చిక లేవలేదు. రెండు వారాలు గొర్రెకు పిడికెడు చొప్పున మక్కలు పెట్టి, జూలై పదో తారీఖుకు వదిలాం. ఈతలు డిసెంబరులో పడ్డాయి. చలికి పిల్లల్ని గంపల కింద మూసి, రాత్రి మూడు సార్లు లేచి చూసేవాళ్లం. బొడ్డుకు అయోడిన్, అరగంటలో ముర్రుపాలు. నెలన్నర సరిగ్గా నిద్ర లేదు. కానీ నలభై చిల్లర ఈతల్లో మూడే పోయాయి. పిల్లలన్నీ ఇంచుమించు ఒక ఈడువి కావడంతో గొర్లను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి సూది అన్నిటికీ ఒకే రోజు పడింది. బేరగాడు కూడా ఇంటికే వచ్చి గుంపు మీద మాట్లాడాడు. ఒక్కొక్క దాన్ని సంతకు తోలుకుపోయినప్పుడు ఆ మర్యాద ఎక్కడిది!

ఇప్పుడు నా తలనొప్పి బక్రీదు. 2023లో జూన్ 29న వచ్చింది, 2024లో 17న, 2025లో 7న. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మా కార్తెలు మాత్రం కదలవు. కార్తీకంలో పుట్టిన పొట్టేలు పిల్ల జూన్‌కు ఏడు నెలలది, కండ పట్టి ఉంటుంది. ఇంకొన్నేళ్లకు పండుగ ఏప్రిల్‌కు వస్తే అప్పటికి దానికి ఐదు నెలలే. "పండుగ కోసమని గడ్డి ముందు మొలుస్తదా" అంటాడు మామ.

తుమ్మకాయలు రాలే రోజుల్లో, మార్చిలో, ఒక పది గొర్లను దాటించి చూద్దామని ఉంది, పండుగ ఏప్రిల్‌కు వచ్చినా పిల్లలు ఎదిగి ఉండేలా. అవి ఆగస్టులో ఈనుతాయి, మళ్లీ అదే వానల్లో. అయితే పది గొర్లకు సరిపడా రేకుల కొట్టం ఇప్పుడు మాకుంది. మామకు ఇంకా చెప్పలేదు.