ఆయన పర్లేదంటారు, నేను రాసుకుంటా

కీమో అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది గుండు. మా ఆయనకి పెద్దపేగు కాన్సర్, ఆపరేషన్ అయ్యాక ఆక్సాలిప్లాటిన్ డ్రిప్, కెపెసిటబిన్ మాత్రలు ఇచ్చారు. రెండూ కలిపి కేపాక్స్ అంటారు. దీనికి జుట్టు పల్చబడుతుంది గానీ మొత్తం ఊడిపోవడం తక్కువ. దాంతో చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "అబ్బే, మనిషి బానే ఉన్నాడే" అనేసి వెళ్ళేవాళ్ళు, ఈయన కూడా "ఆ, పర్లేదండీ" అనేవారు, వాళ్ళు వెళ్ళాక చూస్తే చొక్కా గుండీ పెట్టుకోడానికి వేళ్ళు సహకరించేవి కావు.

ఆ "పర్లేదు" గురించే రాద్దామని కూర్చున్నా. డాక్టర్ గారు అడిగినా అదే మాట. ఎందుకంటే బాధ ఎక్కువుందని చెప్తే డోసు తగ్గిస్తారు, తగ్గిస్తే జబ్బు మళ్ళీ వస్తుంది, ఇదీ ఆయన భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయను, ఆయన చోట నేనున్నా అలాగే అనుకుంటానేమో. కానీ మనిషి తట్టుకునేదాన్ని బట్టి డోసు సరిచేయడం కూడా ట్రీట్‌మెంట్‌లో భాగమే, చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారే లేదు. అందుకే పక్కనున్న మనం చెప్పాలి, ఆయనకి కోపమొచ్చినా సరే.

21 రోజులకో సైకిల్. మొదటిరోజు రెండు గంటల డ్రిప్, తర్వాత 14 రోజులు పొద్దున సాయంత్రం మాత్రలు, తిన్న అరగంటలోపు వేసుకోవాలి, ఆ తర్వాత వారం రోజులు ఆపేస్తారు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండూ కలిపి వేసుకోకూడదు. ఈ లెక్క తెలిశాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి, ఎందుకంటే ఒక్కో బాధకీ ఒక్కో టైముంది.

డ్రిప్ అయిన వెంటనే వచ్చేది చలి. మామూలు చలి కాదు, ఫ్రిజ్‌లోంచి ఒక గిన్నె తీస్తే వేళ్ళకి షాక్ కొట్టినట్టు, ముళ్ళు గుచ్చినట్టు ఉంటుందట, చల్లటి నీళ్ళు ఒక్క గుక్క తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడట్లేదేమో అనిపిస్తుంది. నిజానికి అప్పుడు గాలి ఆడుతూనే ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళు తాగి నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది, ఈ సంగతి ముందే తెలియకపోతే ఇద్దరూ హడలిపోతారు. (పెదాలు, మొహం వాచినా, ఒంటిమీద దద్దుర్లు వచ్చినా మాత్రం అది అలర్జీ కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.) ఇంకోటి ఎవరూ చెప్పనిది, తినేటప్పుడు మొదటి ముద్దకి దవడ జివ్వుమని లాగుతుంది, రెండో ముద్దకి తగ్గిపోతుంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించారంటే వంట బాలేదని కాదు, అదీ సంగతి. ఆ కొన్ని రోజులు ఫ్రిజ్ తలుపు ఆయన్ని ముట్టుకోనివ్వలేదు, చేతులకి గ్లవ్స్, కాళ్ళకి సాక్స్.

వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల ఒకట్రెండు రాత్రులు నిద్రుండదు, చిన్నమాటకే చిరాకు. అది మందు మాట్లాడుతోంది, నా మీద కోపం కాదు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. మాత్రల రోజులు ముదిరే కొద్దీ అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మంట. యూరియా ఉన్న క్రీము రాసేవాళ్ళం, వేడినీళ్ళు, బిగుతు చెప్పులు మానేశాం. నొప్పితో నడవలేకపోతే, లేదా విరేచనాలు మామూలు కంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువైతే మాత్రలు ఆపి వెంటనే ఫోన్ చెయ్యమంటారు, రేపు చూద్దాం అని ఓర్చుకునే విషయం కాదిది. జ్వరం 100.4 దాటినా అంతే, అర్ధరాత్రైనా ఫోనే, వాళ్ళని అడక్కుండా పారాసిటమాల్ వెయ్యకూడదు, వేస్తే జ్వరం కనపడకుండా పోతుంది, తెల్లకణాలు తక్కువున్నప్పుడు లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇవన్నీ ఒకెత్తు, తిమ్మిర్లు ఒకెత్తు. మొదట్లో చలితో వచ్చి చలితో పోయేవి. తర్వాత సైకిల్ సైకిల్‌కీ పోకుండా మిగిలిపోవడం మొదలైంది, ఎందుకంటే ఆక్సాలిప్లాటిన్ నరాల మీద చూపించే దెబ్బ మొత్తం డోసుతో పాటు పేరుకుంటుంది. ఆయన చెప్పలేదు, నేను చూసి రాసుకున్నా: గుండీ పట్టట్లేదు, సంతకం మారింది, జేబులో చిల్లర వేళ్ళతో తెలియట్లేదు, చీకట్లో నడిస్తే తూలుతున్నారు, చెప్పు కాలి నుంచి జారినా తెలియట్లేదు. "తిమ్మిరి ఎలా ఉంది" అంటే పర్లేదనే జవాబొస్తుంది గానీ "గుండీ పెట్టుకోలేకపోతున్నారు" అన్నాక డాక్టర్ గారు పెన్ను పక్కన పెట్టి ఆయన వేళ్ళు పట్టుకుని చూశారు. ఈయన నావైపు ఒక చూపు చూశారు, ఇంటికొచ్చే దారంతా మాట్లాడలేదు. పోనీ.

డాక్టర్ గారు చెప్పిన ఒక విషయం మాత్రం ఆయన్ని కాస్త కుదుటపరిచింది. 2018లో ఆక్సాలిప్లాటిన్ ఉన్న కీమో మూడు నెలలు ఇస్తే చాలా, ఆరు నెలలు ఇవ్వాలా అని పోల్చిన ఐడియా అనే పెద్ద స్టడీ వచ్చింది, ఆరు ట్రయల్స్, 12,800 మంది పైన స్టేజ్ 3 పేషెంట్లు. అందులో కేపాక్స్ తీసుకున్నవాళ్ళలో ఓ మోస్తరు లేదా అంతకుమించిన నరాల దెబ్బ మూడు నెలల వాళ్ళలో దాదాపు 14 శాతం, ఆరు నెలల వాళ్ళలో దాదాపు 45 శాతం. జబ్బు తిరిగొచ్చే రిస్క్ తక్కువున్న వాళ్ళకి మూడు నెలల కేపాక్స్‌తో ఫలితం ఆరు నెలలకి దాదాపు సమానంగానే ఉంది. అందరికీ ఇది వర్తించదు, స్టేజ్‌ని బట్టి డాక్టరే చెప్పాలి. మాకు మాత్రం ఆక్సాలిప్లాటిన్ ఆపేసి మిగతాది మాత్రలతో నడిపించారు. ఆపడమంటే ఓడిపోవడం కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఆ లెక్క చూశాక కాస్త ఎక్కింది.

"పక్కన పడుకోవచ్చా, అంటుకుంటుందా" అని కూడా అడిగారు నన్ను. కాన్సర్ అంటుకోదు, ముట్టుకోవచ్చు, హత్తుకోవచ్చు. మందు వేసుకున్నాక ఓ రెండు రోజులు మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటే, మూతేసి రెండుసార్లు ఫ్లష్ చేస్తే చాలు. ఆ మాత్రలు మనం మాత్రం ఒట్టి చేత్తో తీసివ్వకూడదు.

ఇప్పుడు మందులన్నీ అయిపోయాయి, తిమ్మిరి మాత్రం కొంచెం పెరిగింది. డ్రిప్ ఆపాక కూడా కొన్ని నెలలు ఇలా పెరిగి ఆ తర్వాత మెల్లగా తగ్గడం ఉంటుందని ముందే చెప్పారు, అందుకని బెదిరిపోలేదు. నొప్పి ఉంటే డులాక్సెటిన్ ఇస్తారట, ఈయనకి నొప్పి కంటే మొద్దుబారడమే ఎక్కువ. మళ్ళీ కారు నడుపుతానంటున్నారు. బ్రేకు మీద కాలు ఎంత నొక్కిందో తెలుస్తోందా అంటే "తెలుస్తుందిలే" అంటున్నారు. వచ్చే అపాయింట్‌మెంట్‌కి నోట్‌బుక్‌లో మొదటి లైన్ అదే రాశా.